పదో వరుసలో కేక

మా మేనత్త ఏం ఉద్యోగం చేస్తుందో చెబితే మొదటిసారి ఎవరూ నమ్మరు. నేను చెబితే రెండోసారి కూడా నమ్మరు, అది నా పరువు మర్యాదల సంగతి. కానీ ఇది నిజం. మా అత్త కేక పెడుతుంది. దానికి జీతం ఇస్తారు.

మా ఊళ్లో ఒక పెద్ద నాటకశాల ఉంది. సినిమా హాలు కాదు. మనుషులే ఎదురుగా నిలబడి, చెమట కారుస్తూ, మన కళ్ల ముందే ఏడ్చి, నవ్వి, చచ్చిపోయే చోటు. ఎర్ర మఖ్మలు కుర్చీలు, పైన రెండు బాల్కనీలు, పదిమంది లాగితే గానీ కదలనంత బరువున్న తెర. భయం నాటకాలకి ఆ హాలు పెట్టింది పేరు. ఇంట్లో హాయిగా పడుకోవాల్సిన జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చి గుండెలు అదరగొట్టించుకుని వెళతారు. ఆ జనంలోనే, పదో వరుసలో, నడవా పక్క కుర్చీలో ఒకావిడ కూర్చుంటుంది. అందరిలాగే గుమ్మం దగ్గర టిక్కెట్టు చింపించుకుని వస్తుంది. కళ్లజోడు, శాలువా, ఒళ్లో చేతిసంచి. చూస్తే లెక్కల పంతులమ్మ అనుకుంటారు. పడాల్సిన చోట ఆవిడ గొంతులోంచి ఒక కేక పడుతుంది. అది పడిందంటే ముందూ వెనకా వరుసలు కుర్చీల్లోంచి లేస్తాయి. పై బాల్కనీలో ఎవరో ఒకరి చేతిలోది జారి కింద పడుతుంది. ఆవిడే మా అత్త.

భయం వేస్తే జనమే అరుస్తారు కదా, దానికి మనిషిని పెట్టుకోవడం ఎందుకని నేనోసారి అడిగాను. అత్త నన్ను జాలిగా చూసింది. జనం అరవరట. పక్కవాళ్లు ఏమనుకుంటారో అని పళ్లు బిగించుకుని, కుర్చీ చేతుల్ని నలిపేస్తూ కూర్చుంటారట. ఒక్కరు ముందు సిగ్గు వదిలేస్తే చాలు, మిగతావాళ్లకి దారి దొరుకుతుందట.

"సిగ్గు వదిలెయ్యడం కూడా ఒక పనే రా. ఆ పని అందరి తరఫునా నేను చేసి పెడతాను" అంది.

ఆ ఉద్యోగం ఆవిడకి ఒక ఎలుక ఇప్పించింది. అప్పట్లో అత్త అదే హాల్లో కుర్చీలు తుడిచేది. ఒకరోజు వేదిక మీద రిహార్సల్ జరుగుతోంది, ఈవిడ వరుసల మధ్య వంగి దుమ్ము దులుపుతోంది, పాదం మీదుగా ఎలుక పరిగెత్తింది. ఆ కేకకి, వేదిక మీద రాజు వేషంలో ఉన్నవాడు కిరీటం వదిలేసి తెర వెనక్కి పారిపోయాడట. హాలు యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన పై గదిలోంచి ఒక కాలికే చెప్పుతో దిగొచ్చి, ఎవరరిచారని అడిగాడు. అత్త పని ఊడిందనుకుంటూనే దుమ్ము గుడ్డ ఉన్న చెయ్యెత్తింది. ఆయన, "ఇంకోసారి అరువు" అన్నాడు. ఎలుక లేకుండా ఎలా అరవాలో తెలీక అత్తకి ఏడుపొచ్చింది. ఎలుకని తలుచుకోమన్నాడు. తలుచుకుంది. దుమ్ము గుడ్డ ఆ రోజే ఇంకొకరి చేతికి వెళ్లింది. ఆ ఎలుక ఏమైందో ఎవరికీ తెలీదు. నా చేతిలో ఉంటే దానికి హాలు ముందు విగ్రహం పెట్టించేవాణ్ణి.

కేక అంటే నోరు తెరవడమే అనుకునేవాణ్ణి. కాదట, దానికి చాలా ముందు నుంచే పని మొదలవుతుందట. దీపాలు ఆరకముందే అత్త పక్కవాళ్లతో మాటలు కలుపుతుంది. తనకి ఇలాంటి నాటకాలు మామూలేననీ, మధ్యలో నిద్రపోతే లేపమనీ చెబుతుంది. అంత గుండె దిటవున్న మనిషి గుండెలు పగిలేలా అరిస్తే పక్కవాళ్ల గతేంటి? ఇక కేక పడాల్సింది వేదిక మీద భయం కనపడ్డాక కాదు, దానికి ఒక్క ఊపిరి ముందు. తర్వాత పడితే అది వంత పాడటం అవుతుంది. కేక అయ్యాక అసలు పని. సిగ్గుపడాలి. శాలువా సర్దుకుని, ముడుచుకుపోయి, "అమ్మో, క్షమించండి" అని నవ్వాలి. చుట్టూ అందరూ నవ్వుతారు, ఒళ్లు వదులు చేసుకుంటారు, అప్పుడు వేదిక మీద రెండో భయం వచ్చి వాళ్ల పీక పట్టుకుంటుంది.

పదే పదే వచ్చేవాళ్లు గుర్తుపట్టకుండా కళ్లజోళ్లు మారుస్తుంది, జుట్టు ముడి మారుస్తుంది. ఒక రిటైరైన పోస్టుమాస్టరు ప్రతి నాటకానికీ వచ్చేవాడు. ఆయన ఒకసారి అత్త పక్కనే కూర్చుని, చెవిలో రహస్యంగా ఒక మాట చెప్పాడట: "మీరు వేరే కుర్చీ చూసుకోండమ్మా. దీంట్లో ఎవరు కూర్చున్నా అరుస్తున్నారు. ఈ కుర్చీకి ఏదో పట్టింది." అత్త ఆయన సలహాకి దండం పెట్టి, అక్కడే కూర్చుని, ఆయన చెవి పక్కనే అరిచింది. ఆయన మళ్లీ కనపడలేదు.

ఇదంతా హాల్లో. ఇంట్లో మాత్రం అత్త నోట్లోంచి గట్టిగా ఒక్క మాట రాదు. కారణం మావయ్య.

మావయ్య గడియారాలు బాగుచేస్తాడు. మా ఇంటి ముందు గదే ఆయన కొట్టు. చేతి గడియారాల లోపలి మరలు చీమ తలకాయంత ఉంటాయి. కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో ఆయన ఒక మరని ఎత్తుతున్నప్పుడు ఎవరైనా తుమ్మారంటే ఇక అంతే సంగతులు. మర ఎగిరిపోతుంది, ఇంటిల్లిపాదీ మోకాళ్ల మీద నేలంతా తడమాలి. అందుకే ఆయన లేచేముందు ప్రతిసారీ ఒక గాజు గిన్నెని మరల మీద బోర్లిస్తాడు. అందుకే మా ఇంట్లో తలుపు వెయ్యాలన్నా దాన్ని బతిమాలి వేస్తాం. మనిషి కూడా అంతే సున్నితం. పక్కింటి కుక్క మొరిగితే గుండె మీద చెయ్యి వేసుకుంటాడు. నాటకశాల గుమ్మం ఎన్నడూ తొక్కలేదు. ఊరంతటినీ అదరగొట్టే కేక సొంత పెళ్లానిదైనా, ఆయన దాన్ని ఒక్కసారి కూడా వినలేదు.

మేమూ వాళ్లూ ఒకే ఇంట్లో చెరో వాటాలో ఉంటాం కాబట్టి, అత్త చేత ఇంట్లో ఒక్క కేక పెట్టించాలని నేను చెయ్యని ప్రయత్నం లేదు. దుప్పటి కప్పుకుని మెట్ల కింద నిలబడ్డాను. మంచం కింద దూరి కాలు పట్టుకున్నాను. పంచదార డబ్బాలో రబ్బరు బల్లిని పెట్టాను. అత్త డబ్బా మూత తీసి, బల్లిని రెండు వేళ్లతో పైకెత్తి చూసింది.

"ఒరేయ్, దీని తోక ఊడింది, అతికించుకో" అని నా చేతిలో పెట్టింది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఆఫీసు పని నేను ఇంట్లో చెయ్యను."

వీధిలో వాళ్లకి మాత్రం అత్త నాటకశాలలో టిక్కెట్లు అమ్ముతుందని చెప్పాం. అసలు సంగతి నలుగురికీ తెలిస్తే ఆ కుర్చీకి విలువుండదు కదా. అలా ఆ అబద్ధాన్ని ఇంటిల్లిపాదీ చక్కగా పెంచి పోషించాం.

అంతా బాగానే నడుస్తుండగా హాలుకి కొత్త మేనేజర్ వచ్చాడు. చెడ్డవాడని చెప్పను, ఎప్పుడూ చెమట తుడుచుకుంటూ తిరిగే మనిషి. ఆయన ఒక నల్లటి పెట్టె తెచ్చి గోడకి బిగించాడు. మీట నొక్కితే దాంట్లోంచి కేక వస్తుంది. ఎవరి కేకో తెలీదు. అత్తని పిలిచి వినిపించి ఎలా ఉందని అడిగాడట. అత్త, గొంతు బాగుందనీ, పిల్ల వయసు చిన్నదై ఉంటుందనీ చెప్పి వచ్చింది. అప్పుడు మేనేజర్ అసలు మాట చెప్పాడు. పదో వరుసలో నడవా పక్క కుర్చీ అంటే హాల్లోకెల్లా మంచి కుర్చీ, దాన్ని ఇక అమ్ముకోవచ్చని ఆయన ఆలోచన. కానీ అత్తని పెట్టింది పెద్దాయన కాబట్టి ఆయనే తేల్చాలి. ఆదివారం మధ్యాహ్నం ఆటకి పెద్దాయన వస్తున్నాడు. ఆ రోజు అత్త కేకకి హాలు అదిరితే కుర్చీ అత్తది. లేకపోతే సోమవారం నుంచి పెట్టెది.

ఈ సంగతి అత్త ఇంట్లో, కొళాయిలో నీళ్లు రావడం లేదన్నంత మామూలుగా చెప్పింది. మావయ్య గాజు గిన్నె బోర్లించి, లేచి వెళ్లి, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

మర్నాడు నన్ను కొట్లోకి పిలిచి, అత్త పెరట్లో ఉందని చూసుకుని, ఆదివారం ఆటకి రెండు టిక్కెట్లు తెమ్మన్నాడు. నేను వేళాకోళం అనుకున్నాను. మా ఇంట్లో వేళాకోళాలన్నీ నావే కదా, ఈయన ఎప్పుడు మొదలెట్టాడని చూశాను. ఆయన మొహంలో నవ్వు లేదు.

"దాని కేక ఒక్కసారైనా వినకుండా దాని ఉద్యోగం పోతే, నేనేం మొగుణ్ణి రా?"

మరి గుండె తట్టుకుంటుందా అని అడిగాను. చెవుల్లో దూది పెట్టుకుంటానన్నాడు. దూది పెట్టుకుంటే కేకెలా వినపడుతుందన్నాను. ఆయన ఒక చెవిని వేలితో మూసి చూసుకున్నాడు.

"ఒక చెవిలోనే పెట్టుకుంటాను" అన్నాడు.

ఆదివారం అత్త ముందే వెళ్లిపోయింది. మేమిద్దరం ఎవరికో గోడ గడియారం ఇచ్చి రావాలని చెప్పి బయలుదేరాం. దీపాలు సగం ఆరాక లోపలికి దూరి, ఏడో వరుసలో, నడవా పక్కనే కూర్చున్నాం. అత్తకి మూడు వరుసల ముందు. నేను మెల్లగా వెనక్కి తిరిగి చూశాను. చూసి కళ్లు తేలేశాను. ఇంట్లో గుసగుసలతో సంసారం ఈదే మా అత్త, పక్కనున్న దంపతులతో చేతులు తిప్పుతూ కబుర్లు చెబుతోంది. ఏదో జోకు కూడా వేసినట్టుంది, ఆ పక్కాయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నేను గంటల తరబడి గోల చేస్తే ఒక చిరునవ్వు విదిల్చే మనిషి, ఎవడో దారినపోయేవాణ్ణి కడుపుబ్బా నవ్విస్తోంది. పైన పక్క బాల్కనీలో పెద్దాయన, ఆయన వెనకే చెమట తుడుచుకుంటూ మేనేజర్.

హాలు నిండిపోయింది. దగ్గులు, పిప్పరమెంటు కాగితాల చప్పుళ్లు, ఆలస్యంగా వచ్చినవాళ్లు మోకాళ్లు తొక్కుకుంటూ వెళ్లడాలు. చివరి దీపం కూడా ఆరగానే అన్ని గొంతులూ ఒక్కసారిగా తెగిపోయాయి. అంతమంది పక్కపక్కనే కూర్చుని, అందరూ ఊపిరి పీలుస్తున్నది వినపడుతుంటే వెన్నులో ఏదో పాకుతుంది. ఇంకా తెర కూడా లేవలేదు.

తెర లేచింది. పాత ఇల్లు. ఒక అన్న ఉంటాడు, తమ్ముణ్ణి చంపి అలమరలో దాచేశాడు. ఆ ఇంట్లో నిలువెత్తు గడియారం ఒకటి ఉంది, దాని టిక్కు టిక్కు హాలంతా వినపడేలా పెట్టారు. అత్త నాకు ఎప్పుడో చెప్పింది: ఆ గడియారం ఉన్నట్టుండి ఆగిపోతుంది, అదే తనకి సైగ. ఆగాక ఒక్క ఊపిరి. అప్పుడు తన కేక. వెంటనే అలమర తలుపు తెరుచుకుంటుంది, చచ్చిన తమ్ముడు నిలబడి ఉంటాడు. ఈ వరసంతా మావయ్యకి తెలీదు.

నేను మావయ్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, ఎక్కడ పారిపోతాడోనని. ఆయన పారిపోలేదు సరికదా, హాయిగా వెనక్కి వాలాడు. చుట్టూ జనం బిగుసుకుపోతుంటే ఆయన మొహం సొంత కొట్లో ఉన్నట్టు విచ్చుకుంది. నా వైపు వంగి, "కొంచెం వెనకపడుతోంది, లోలకం బరువు సరిచెయ్యాలి" అన్నాడు. ఆ టిక్కు టిక్కుకి ఆయన గుండె కుదుటపడిపోయింది. చెవిలో దూది కూడా తీసేసి జేబులో పెట్టుకున్నాడు.

వేదిక మీద అన్న కొవ్వొత్తి పట్టుకుని అలమర వైపు నడిచాడు. ఒక అడుగు, ఇంకో అడుగు. గడియారం ఆగిపోయింది.

హాల్లో మిగతా అందరికీ అది భయం. మావయ్యకి అది పిలుపు. పెళ్లైన దగ్గర్నుంచి, కాదు అంతకు ముందు నుంచీ, చుట్టూ టిక్కు టిక్కుల్లో బతికిన మనిషి. గదిలో ఒక గడియారం ఆగితే తింటున్న అన్నం వదిలేసి లేచే మనిషి. ఆయన తను ఎక్కడున్నాడో మర్చిపోయి, చీకట్లో లేచి నిలబడ్డాడు. కొవ్వొత్తి వెలుగు ఆయన బట్టతల మీద పడింది. ఆ బట్టతల చుట్టూ భూతద్దం పట్టీ ఏళ్ల తరబడి బిగిసి చేసిన గాడి ఒకటి ఉంటుంది. అలాంటి తల ఊరు మొత్తం మీద ఒక్కటే.

నేను ఆయన్ని లాగబోతూ వెనక్కి చూశాను. అత్త గుండెల నిండా ఊపిరి పట్టి ఉంది. నోరు తెరిచి ఉంది. కళ్లు ఆ తల మీద ఉన్నాయి. ఆ నోట్లోంచి ఏమీ రాలేదు.

కేక పడాల్సిన ఊపిరి దాటిపోయింది. అలమర తలుపు కిర్రుమంది. తమ్ముడు నిలబడ్డాడు, మొహమంతా పిండి తెలుపు.

అప్పుడు మావయ్య అరిచాడు. అలాంటి అరుపు ఆ మనిషిలో ఉందని ఆయన్ని కన్నతల్లికి కూడా తెలిసి ఉండదు. పెద్ద గడియారం స్ప్రింగు తెగి, దాంట్లో చుట్టి పెట్టిందంతా ఒకేసారి బయటికొచ్చినట్టు వచ్చింది. హాలు మొత్తం లేచింది. వరుసలు వరుసలుగా జనం అరిచారు, పై బాల్కనీ నుంచి ఎవరి గొడుగో, ఎవరి చెప్పో రాలిపడ్డాయి. వేదిక మీద అన్న చేతిలో కొవ్వొత్తి ఆరిపోయింది. మావయ్య రెండు వరుసల మధ్య సందులోకి గోనెసంచిలా కుప్పకూలిపోయాడు.

జనానికి ఏం తెలుసు? ఇదీ నాటకమే అనుకున్నారు. నా వెనక ఎవరో, "ఏం పెట్టారయ్యా" అని మెచ్చుకున్నారు. చప్పట్లు మొదలయ్యాయి. నేను నేల మీద పడి ఆయన చెంపలు తడుతున్నాను, నెత్తి మీద హాలంతా చప్పట్లు.

"ఏవండీ."

గట్టిగా రాలేదు ఆ మాట. ఇంట్లో తలుపు గడియ పెట్టారా అని అడిగేటప్పుడు ఎలా పిలుస్తుందో అలాగే పిలిచింది, చివర్లో గొంతు కొంచెం విరిగింది, అంతే. కానీ అది వినపడగానే చప్పట్లు చేతుల మధ్యలోనే ఆగిపోయాయి. అంత పెద్ద హాల్లో ఒక్కరూ దగ్గలేదు. నాటకం కానిదేదో తమ మధ్యలోకి వచ్చిందని అందరికీ ఒకేసారి తెలిసిపోయింది. పదో వరుసలోంచి అత్త కుర్చీల మీదుగా ఎక్కి వస్తోంది. కళ్లజోడు ఎక్కడో పడింది, శాలువా ఎవరి ఒళ్లోనో ఉండిపోయింది. ఎవరూ అడ్డురాలేదు, చేతులు అందించి ఒకరి నుంచి ఒకరికి దాటించారు. చచ్చిన తమ్ముడు తను చచ్చాడన్న సంగతి మర్చిపోయి వేదిక అంచుకొచ్చి వంగి, ఎవరి దగ్గరైనా నీళ్లున్నాయా అని అడిగాడు.

నీళ్ల సీసాలు నాలుగు వైపుల నుంచీ వచ్చాయి. అత్త ఆయన తల ఒళ్లో పెట్టుకుని మొహం మీద నీళ్లు చల్లింది. మావయ్య ఒక కన్ను తెరిచాడు.

"ఆగిపోయిందే" అన్నాడు.

అత్త మొహం ఆ తమ్ముడి మొహం కన్నా తెల్లబడింది. ఆయన గుండె మీద చెయ్యి వేసి చూసింది.

"ఏంటండీ ఆగింది?"

"గడియారం" అన్నాడు.

అత్త ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. వేసి, అక్కడే నేల మీద చతికిలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఆ దెబ్బ చూశాక గానీ జనం ఊపిరి వదల్లేదు. అప్పుడు కొట్టారు చప్పట్లు, నాటకానికి కాదు.

తర్వాత మమ్మల్ని పెద్దాయన గదికి పిలిచారు. మావయ్యని బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. అత్త నిలబడే ఉంది. ఆ రోజు హాలు అదిరింది, కానీ తన కేకకి కాదు, ఆ సంగతి దాచే మనిషి కాదు అత్త. పెద్దాయన అడక్కముందే, అరిచింది నేను కాదు, మా ఆయన అని చెప్పేసింది. కుర్చీ పోయినట్టేనని నేను గోడకి జారగిలబడ్డాను.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఈ హాలు కట్టించిన దగ్గర్నుంచి ఇన్ని ఆటలు చూశాడట, ఇంతమంది జనం ఒకేసారి అలా రాయైపోవడం ఎన్నడూ చూడలేదట. కేకల సంగతి వదిలెయ్యమన్నాడు, అవి పెట్టె కూడా పెడుతుందట. "ఆ కుర్చీ నీదే. నువ్వున్నంతకాలం నీదే. ఆ పిలుపు ఉందే, అది నాకు రోజూ కావాలి" అన్నాడు. ఏడో వరుసలో పడిపోవడానికి ఎవరినో ఒకరిని పెడతారట. వాడు పడగానే అత్త లేచి పిలవాలి, కుర్చీలెక్కి రావాలి, ఈ రోజు వచ్చినట్టే.

నేను ఆనందంతో గెంతబోయాను. ఇంతకన్నా సులువైన ఉద్యోగం ఎక్కడైనా ఉంటుందా? గొంతు నొప్పి కూడా రాదు. అత్త వైపు చూశాను. అత్త మావయ్య వైపు చూస్తోంది. ఆయన రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, దానికి ఏదైనా అవుతుందేమో అన్నట్టు జాగ్రత్తగా తాగుతున్నాడు.

"కేక ఎన్నిసార్లయినా పెడతానండి. ఆ పిలుపు మాత్రం పిలవలేను" అంది అత్త.

మేనేజర్ బిత్తరపోయాడు. "ఒక్క మాటే కదమ్మా" అన్నాడు.

"ఒక్క మాటే. అందుకే. ఆఫీసు పని నేనెప్పుడూ ఇంటికి పట్టుకెళ్లలేదు. ఇంటి మాట ఇక్కడికి తీసుకురాలేను."

ఇన్నేళ్ల ఉద్యోగాన్ని మా అత్త మా కళ్ల ముందే ఒక మాటకి వదిలేసింది, అదీ ఇంట్లో రోజుకి వందసార్లు ఊరికే వాడేసే మాటకి. పెద్దాయనకి కోపం రాలేదు. ఒకసారి తన చెప్పుల వంక చూసుకున్నాడు. ఆ తర్వాత, మేనేజర్ పెట్టెకే ఒప్పుకోవాల్సి వస్తుందన్నాడు. అత్త సరేనంది. మేం గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, కింద టిక్కెట్ల కిటికీలో కూర్చుంటావా అని అడిగాడు. అత్త దానికీ సరేనంది. ఇన్నాళ్లూ వీధంతటికీ చెప్పిన అబద్ధం కాస్తా నిజమై కూర్చుంది. నా అబద్ధాలకి మాత్రం ఇలాంటి అదృష్టం ఎప్పుడూ పట్టదు.

పెట్టె ఇప్పుడు బాగానే అరుస్తోందట. జనమూ అరుస్తున్నారట. ఒకటే తేడా, అరిచాక అది సిగ్గుపడదు.

ఆ ఆదివారం మేం ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. మావయ్య మనసు కుదరక బల్ల ముందు కూర్చుని, ఎవరిదో చేతి గడియారం విప్పి మరలు పరిచాడు. అత్త ఆయన ఎదురుగా పీట వేసుకుంది. నేను టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఇంతలో మావయ్య తలెత్తకుండానే, నాటకం చివర్లో ఏమైందని అడిగాడు. తను పడిపోయాడు కదా, చూడలేదు కదా.

అత్త మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. పాత ఇల్లు, అన్న, కొవ్వొత్తి, అలమర వైపు అడుగులు. గొంతు తగ్గించి చెబుతోంది, ఇంట్లో ఎప్పుడూ మాట్లాడినట్టే. గడియారం ఆగిందన్న చోట తనూ ఆగిపోయింది.

మావయ్య పట్టకారు కింద పెట్టాడు. గాజు గిన్నె తీసి మరల మీద బోర్లించాడు. భూతద్దం తీసి పక్కన పెట్టాడు. జేబులోంచి ఆ దూది ఉండ తీసి, చూసి, కిటికీలోంచి పారేశాడు.

"ఇక్కడ నువ్వు అరవాలి కదా. అరువు."

"ఊరుకోండి. ఆఫీసు పని నేను ఇంట్లో..."

అత్త నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ ఆఫీసు ఇప్పుడు లేదు. ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది ఆవిడకి. మావయ్య వైపు చూసింది. ఆయన గాజు గిన్నె మీద రెండు చేతులూ బోర్లించి, బిగించి పట్టుకుని, కళ్లు తెరుచుకునే ఎదురుచూస్తున్నాడు. అత్త ఇంట్లో కప్పుకునే శాలువా సర్దుకుంది. హాల్లో పోయినదాని బదులు పెట్టుకున్న ఇంకో కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఒక్క ఊపిరి పీల్చింది.

ఆ తర్వాత ఏమైందో నాకు వరసగా గుర్తులేదు. టీ నా చొక్కా మీద ఉంది. నేను తలుపు వెనక ఉన్నాను, అక్కడికి ఎలా వచ్చానో తెలీదు. మా నాన్న పక్క వాటాలోంచి ఒక కాలికే చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు. పక్కింటి కుక్క మొరగలేదు, ఏడ్చింది. వీధిలో కిటికీలన్నీ వరసగా తెరుచుకున్నాయి. దుప్పట్లు కప్పుకుని, మంచాల కింద దూరి, ఇన్నేళ్లు నేను అడుక్కున్నది ఇదా అని నిలువునా నీరైపోయాను.

మావయ్య మొహంలో రక్తం లేదు. కానీ చేతులు గిన్నె మీద నుంచి కదల్లేదు. కింద ఒక్క మర కూడా చెదరలేదు.

"బాగుంది" అన్నాడు.

అప్పటికే వీధిలో వాళ్లు గుమ్మంలో మూగి, ఏమైంది, ఎవరికేమైంది అని అడుగుతున్నారు. మా అత్త కళ్లజోడు పెట్టుకుంది. ముడుచుకుపోయి, శాలువా అంచు లాక్కుని, సిగ్గుపడుతూ నవ్వింది.

"అమ్మో, క్షమించండి. బల్లి."

నేను జేబులోంచి తోకలేని రబ్బరు బల్లిని తీసి అందరికీ ఎత్తి చూపించాను. నా తలకి అక్షింతలు పడ్డాయి, మామూలే. వాళ్లంతా నన్ను తిట్టుకుంటూ వెళ్లిపోయాక, మావయ్య ఒకసారి వీధిలోకి తొంగిచూసి, తలుపుని బతిమాలి వేశాడు. మళ్లీ వచ్చి కూర్చుని, గిన్నె మీద చేతులు బోర్లించాడు.

"ఇంకోసారి" అన్నాడు.